ఎంటెక్ సీటుకు హార్దిక శుభాకాంక్షలు

ఆ రోజు పొద్దున మనీషా పెట్టుకున్న పని ఒక్కటే. కడుపునిండా తిని, లాప్‌టాప్ ముందు కూర్చుని, తనకు వచ్చిన రెండు ఎంటెక్ సీట్లలో ఒకటి ఒప్పుకుని రెండోది వదిలెయ్యాలి. సాయంత్రం అయిదు దాటితే రెండూ పోతాయి. పని చూస్తే ఒక్క మీట నొక్కేంత. కానీ చీర కొనడానికే సిరిసిల్ల బజారంతా తిరిగే మనుషులం మనం. బతుకు ఏ దారిన పోవాలో ఒక్క మీట నొక్కి చెప్పమంటే చెయ్యి ఎలా ఆడుతుంది?

ఒక సీటు జగిత్యాల దగ్గరి కాలేజీలో, పవర్ సిస్టమ్స్. కరెంటు పుట్టిన చోటి నుంచి మన ఇంటి బల్బు దాకా ఎలా వస్తుందో, దారిలో ఎక్కడ ఎందుకు ఆగిపోతుందో చదవడం. రెండోది హైదరాబాద్‌లో, వీఎల్‌ఎస్‌ఐ. సెల్‌ఫోన్లో ఉండే గోరంత చిప్పును ఎలా తయారు చేయాలో చదవడం. మొదటిది తీసుకుంటే హైదరాబాద్‌కు జడిసి ఇంటి పక్కనే ఉండిపోయిందంటారు. రెండోది తీసుకుంటే స్నేహితులంతా పోతున్నారని వాళ్ల వెంట పోయిందంటారు. నిజానికి ఎవరూ ఏమీ అనలేదు, ఆ పిల్లే తనను తాను అనుకుంటోంది. బీటెక్‌లో ఎలక్ట్రికల్ తీసుకున్నది కూడా మేనమామ నర్సన్న "కరెంటు లేని ఊరు ఉంటదా" అన్నందుకే. ఈ ఒక్క నిర్ణయమైనా తనదై ఉండాలని ఆమె పట్టుదల.

తల్లి వనితకు అంత దూరం ఆలోచన లేదు. ఆమె బాధంతా తిండి గురించే.

"జగిత్యాల అయితే పొద్దుగాల బస్సెక్కి మాపటికి ఇంటికస్తవు. సద్ది కట్టిస్త. గా హైదరాబాద్ హాస్టల్ల నీళ్ల చారు తాగి ఏం బతుకుతవ్ బిడ్డా," అంటూ ఉప్మా పళ్లెం ముందు పెట్టింది.

"జరాగు అమ్మా, సార్‌కు ఫోన్ చేస్తున్న," అంది మనీషా.

సార్ అంటే కోరుట్లలో ఉండే ప్రభాకర్ సార్, బీటెక్‌లో పాఠాలు చెప్పినవాడు. కష్టమంతా విని ఆయన ఒక్కటే మాట అన్నాడు. "జీతాల సంగతి నన్నడుగకు, నాదే నాకు అర్థం కాదు. ఏ పని చేస్తుంటే అన్నం తినుడు యాది మరుస్తవో, గదే నీ చదువు."

మనీషాకు ఒళ్లు మండింది. పుట్టిన దగ్గర్నుంచి ఆమె అన్నం మరిచిన రోజు ఒక్కటీ లేదు. వనిత మరవనిచ్చే మనిషి కాదు. ఆ చిరాకులో ఉప్మా చల్లారిపోయింది.

కూతురు అటు ఫోన్‌లో ఉండగా వనిత ఇటు పెరట్లోకి పోయి అన్నకు ఫోన్ చేసింది. "అన్నా, పిల్లకు జగిత్యాలల కరెంటు చదువుకు సీటచ్చింది." హైదరాబాద్ మాట ఎత్తలేదు. అబద్ధం ఆడలేదు, నిజంలో తనకు నచ్చిన సగం చెప్పింది, అంతే.

"మస్తు ముచ్చట చెప్పినవ్ చెల్లె," అని నర్సన్న బండి తీశాడు.

ఈ నర్సన్నకు వచ్చే ఎన్నికల్లో సర్పంచ్ కావాలని కోరిక. అందుకని ఊళ్లో ఎవరికి ఏ మంచి జరిగినా సిరిసిల్ల పోయి ఫ్లెక్సీ కొట్టిస్తాడు. పదో తరగతి పాసైతే ఫ్లెక్సీ, మాల వేస్తే ఫ్లెక్సీ, కొత్త ట్రాక్టర్ కొంటే ఫ్లెక్సీ. సంతోషం ఎవరిదైనా పెద్ద ఫోటో మాత్రం నర్సన్నదే. మధ్యాహ్నానికల్లా బస్టాండు దగ్గరి కరెంటు స్తంభానికి కొత్త ఫ్లెక్సీ ఎక్కింది. ఒక పక్క టవరు, ఒక పక్క ట్రాన్స్‌ఫార్మర్, నడుమ చేతులు జోడించిన నర్సన్న. మనీషా ట్రాన్స్‌ఫార్మర్ కింద మూలకు ఉంది. "మన ఊరి కరెంటు కష్టాలు తీర్చనున్న ఆడబిడ్డకు హార్దిక శుభాకాంక్షలు" అని దాని మీద రాత.

ఆ ఫ్లెక్సీని ఎవరో ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నారు. అది మస్కట్‌లో పనిచేసే మనీషా తండ్రి జలపతికి చేరింది. వెంటనే కూతురికి వీడియో కాల్ చేశాడు.

"బిడ్డా, స్టేటస్ చూసిన. మా రూముల అందరికి మిఠాయి పంచిన. జగిత్యాలనే మంచిగైంది."

"బాపూ, నేనింకా ఏ సీటూ తీసుకోలే."

"మరి నేను పంచిన మిఠాయి?"

దానికి ఏ ఇంజనీరింగ్‌లోనూ జవాబు లేదు. ఆ స్టేటస్‌లో ఏముందో కనుక్కుని, మేనమామను నిలదీయాలని మనీషా చెప్పులు వేసుకుంది. గడప దాటేసరికి వాకిట్లో ట్రాక్టర్ వచ్చి ఆగింది. ట్రాలీలో నూనె మరకలతో, కమురు వాసన కొడుతూ నిజం ట్రాన్స్‌ఫార్మర్ ఉంది.

పొలాల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రైతులు ఎవరి కోసమూ చూడరు. దాని కింద మోటార్లున్నవాళ్లంతా కూడి, దించి, ట్రాక్టర్‌లో వేసుకుని సిరిసిల్ల మరమ్మతు షెడ్డుకు తామే మోసుకుపోతారు. దుర్గయ్య, అతని తోటివాళ్లు అలాగే బయలుదేరారు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ చూసి ట్రాక్టర్ ఇటు తిప్పారు.

"నమస్తే మేడం," అన్నాడు దుర్గయ్య. నిన్నటిదాకా ఆయన నోట ఆమె పేరు "ఓ పిల్లా".

"నేను మేడం ఏంది పెద్దబాపూ? నాకు నౌకరి రాలే. ఇంకా చదువుకోవాలె, ఎక్కడ చదవాల్నో చూస్తున్న."

దుర్గయ్య తనతో వచ్చినవాళ్ల వంక తిరిగి నెమ్మదిగా అన్నాడు. "ఆఫీసర్లు ముందుగాల గిట్లనే అంటరు. జర బతిమాలుదాం."

బతిమాలడం మొదలైంది. వరి ఎండుతోందని ఒకరు, చిన్నప్పుడు తాము ఎత్తుకున్న పిల్లవేనని ఒకరు. వాళ్లను పంపేద్దామనే మనీషా ట్రాలీ దగ్గరికి వెళ్లింది. వెళ్లి, కాలిన తీగల వంక ఒకసారి చూసింది. అక్కడే చిక్కుకుంది.

"గిది ఊకెనే కాలలే. దీని మీద ఎన్ని మోటార్లు నడుస్తున్నయి?"

"ఆఫీసుల రాసినయి అయిదు," అన్నాడు దుర్గయ్య.

"రాయనియి?"

అందరూ మబ్బు పట్టిందేమోనని ఆకాశం వైపు చూశారు.

మనీషా లోపలికి పోయి ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. వాకిట్లో ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక డబ్బా గీసి, చుట్టూ మోటారుకొక సున్నా పెట్టింది. మోటారు పెద్దదైతే సున్నా పెద్దది. ఆమె గీసేకొద్దీ ఒక్కొక్కరి గుట్టు బయటపడసాగింది. "నాకు గంత సున్న ఎందుకు, పక్కోనిది సూడు పిడికెడు గీయించుకున్నడు," అని ఒకడు, "నీ బాయికాడ రెండోది దాసినవ్ గదా," అని ఇంకొకడు. ముగ్గు చుట్టూ పంచాయితీ కూడింది. మనీషాకు ఆ గోల వినపడడం లేదు. పుస్తకంలో కిందా మీదా పడి బట్టీ పట్టిన లెక్క వాకిట్లో కమురు వాసన కొడుతూ కూర్చుంటే ఎంత సంబరంగా ఉంటుందో ఆమెకు ఇన్నాళ్లూ తెలియలేదు. వనిత నాలుగుసార్లు బయటికి వచ్చి "అన్నం సల్లగైతున్నది" అని నాలుగుసార్లు వెనక్కి పోయింది.

గొడవ విని, తీర్చే పుణ్యం తనకే దక్కాలని నర్సన్న వచ్చాడు. మనీషాకు అప్పుడు తన కోపం గుర్తొచ్చింది.

"మామా, నేను సీటు తీసుకున్ననని నీకెవరు చెప్పిండ్రు? హైదరాబాద్‌ల చిప్పుల చదువుకు గూడ అచ్చింది. అయిదింటి దాక టైమున్నది."

నర్సన్న చెల్లెలి వంక చూశాడు. వనిత పొయ్యి మీద కూర చూడడానికి లోపలికి పోయింది.

"అట్లనా? రంది పడకు కోడలా, నేను సరిచేస్త," అని నర్సన్న మళ్లీ బండి తీశాడు.

అతను అటు పోయిన గంటకు గాలిదుమారం లేచింది. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ ఒక పక్క తెగి, తీగల మీదికి ఎగిరి, రెండు తీగలను ఒకదానికొకటి తగిలించింది. ఫట్టుమని మెరుపు, ఊరంతా కరెంటు పోయింది. దాంతోపాటు వైఫై పోయింది. ఊళ్లో ఉన్న ఒక్క సెల్ టవరూ కాసేపటికి నిద్రపోయింది. మనీషా ఫోన్ తీసి చూస్తే నాలుగు దాటింది, సిగ్నల్ లేదు.

లైన్‌మన్ రాజేశ్ వచ్చి స్తంభం కింద నిలబడి పైకి చూశాడు. "ఎవ్వడు కట్టిండు గిది?"

"మీద ఫోటో ఉన్నది గద," అన్నాడు దుర్గయ్య.

"గిది దించి లైన్ సరిచేసెటాళ్లకు మాపైతది."

రెండు సీట్లలో ఏది కావాలో తేలని పిల్లకు ఇప్పుడు రెండూ లేకుండా పోయేలా ఉంది. అప్పుడు దుర్గయ్యే అన్నాడు. "నడువు మేడం, మేం సిరిసిల్ల పోవుడే గదా. రోడ్డెక్కితే సిగ్నల్ దొరుకుతది."

ట్రాలీలో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మనీషా కూర్చుంది. ట్రాక్టర్ కదులుతుంటే వనిత టిఫిన్ డబ్బాతో పరుగెత్తుకొచ్చి అందించింది.

"పొద్దటిసంది ఒక్క మెతుకు ముట్టలే. నీకేమన్న అయ్యిందానే? ఎన్నడన్న గిట్ల చేసినవా?"

మనీషా డబ్బా అందుకుని ఒళ్లో పెట్టుకుంది. నిజమే, ఆకలే గుర్తు రాలేదు. కోరుట్ల సార్ మీద పొద్దున వచ్చిన కోపమంతా ఒక్కసారిగా చల్లారింది. పెద్దరోడ్డు ఎక్కగానే ఫోన్ మోగింది, సిగ్నల్ వచ్చింది. ఒక చేత్తో ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టుకుని, ఇంకో చేత్తో పవర్ సిస్టమ్స్ మీద నొక్కింది. అమ్మ కోరిందీ అదే, మామ ఫ్లెక్సీ మీద వేసిందీ అదే. అయినా ఇది తనదేనని ఆమెకు నిశ్చయంగా తెలుసు. డబ్బా మూత తీసి ఆవురావురుమని తినసాగింది.

ఎదురుగా నర్సన్న బండి ఆగింది. వెనక చుట్టి కట్టిన కొత్త ఫ్లెక్సీ ఉంది. దిగి, ఉత్సాహంగా రోడ్డు మీదే విప్పి పట్టుకున్నాడు. "తప్పు సరిచేసిన కోడలా. ఎట్లున్నది?" టవరు పోయి హైదరాబాద్ వచ్చింది, ట్రాన్స్‌ఫార్మర్ చోట బిస్కెట్టంత చిప్పు, మనీషా దాని కింద మూలన. "సెల్‌ఫోన్ల చదువుకు ఎంపికైన మా కోడలికి హార్దిక శుభాకాంక్షలు." నడుమ చేతులు జోడించిన నర్సన్న.

మనీషా ముద్ద మింగి, చెప్పబోయి, ఆ మొహంలో సంబరం చూసి ఆగింది. "మంచిగున్నది మామా. కరెంటు స్తంభానికి మాత్రం కట్టకు."

మరునాడు పొద్దున వనిత తలుపు తీసేసరికి వాకిట్లో పాడైన సెల్‌ఫోన్లు, టీవీ రిమోట్లు పట్టుకుని జనం కూర్చుని ఉన్నారు. ఫ్లెక్సీ మాత్రం కరెంటు స్తంభానికి కాక నర్సన్న ఇంటి గోడకే ఉంది. పవర్ సిస్టమ్స్ చదువు వల్ల ఆ ఊరికి కలిగిన మొదటి లాభం అదే.