ముందే వచ్చేసిన 2047

2047 నాటికి సాధించవలసిన వ్యూహాత్మక లక్ష్యాలన్నిటినీ విశ్వవిద్యాలయం గత మంగళవారం, భోజనాల వేళకు ముందే సాధించింది. లక్ష్యాల దాకా తాము నడవడం ఆలస్యమయ్యేలా ఉందని, 2047నే ఇటు తెప్పించాలని పాలకమండలి తీర్మానించింది. తీర్మానం ఏకగ్రీవం. ఇంక అడ్డేముంది, సంవత్సరం వచ్చేసింది.

ప్రహరీ గోడ లోపల మాత్రమే వచ్చింది. గేటు దాటి లోపలికి అడుగుపెడితే ఇరవై రెండేళ్ళ వయసు మీద పడేది, బయటికి పోతే దిగిపోయేది. గురువులు అనే వాచ్‌మన్ సరిగ్గా గేటు మధ్యలో కుర్చీ వేసుకోవడం వల్ల అతని మీసం ఒకవైపే నెరిసింది. పరిశోధనలన్నీ పూర్తయ్యాయి. ఏం కనుక్కున్నారో తెలియాలంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుకోవాలి. మొదటి సంవత్సరం పిల్లలకి చేరిన రోజే పట్టాలిచ్చేశారు. అయినా క్లాసులకి వస్తున్నారు పాపం, బయట ఎండగా ఉందని. వైస్‌చాన్సలర్‌గారి పదవీకాలం మాత్రం పాత క్యాలెండరు ప్రకారమే నడుస్తుందని ఒక సర్క్యులర్ వచ్చింది.

ఈ సంబరంలో వృక్షశాస్త్రం చెప్పే పైల ఇందుమతి ధ్యాస ఒక్కదాని మీదే ఉంది. పద్నాలుగేళ్ళుగా ఆమె కాంట్రాక్టు లెక్చరరు. పదకొండు నెలలకోసారి ఉద్యోగం తీసేసి, ఒక్కరోజు ఆగి మళ్ళీ ఇచ్చేవారు. ఆ ఒక్కరోజూ ఆమెకి ముద్ద దిగేది కాదు. ప్రణాళికలో పదిహేడో లక్ష్యం, కాంట్రాక్టు వాళ్ళందరినీ 2040లో పర్మనెంటు చెయ్యడం. అంటే అయిపోయినట్టే కదా! బుధవారం పొద్దున్నే పట్టుచీర కట్టుకుని గేటు దాటింది. తెల్లబడిన జుట్టు ముడి వేసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కింది.

"రండమ్మా, అభినందనలు," అన్నాడు రిజిస్ట్రారు. "2040లో మిమ్మల్ని పర్మనెంటు చేశాం."

ఇందుమతికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఆర్డరు ఇచ్చీండి సార్. ఇంటికాడ చూపించుకుంటాను."

ఆయన ఆర్డరు ఇచ్చి, దాని వెనకే ఇంకో కాగితం జరిపాడు. "2043లో మీకు అరవై రెండు నిండాయి. రిటైరయ్యారు."

"మరి నాను పర్మనెంటుగా చేసిన మూడేళ్ళు ఏవండి?"

"చాలా బాగా చేశారమ్మా. ఒక్క మచ్చ లేదు." సర్వీసు రిజిస్టరు తెరిచి చూపించాడు.

ఇందుమతి వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుకుంది. ఏడాదిపాటు శాఖాధిపతిగా ఉందట. ఆమె దగ్గర ఇద్దరు డాక్టరేట్లు చేశారట. ఒకసారి ప్రిన్సిపాల్‌తో పోట్లాడి గెలిచిందట కూడా. దేనిగురించో రాయలేదు.

"నాకేటీ గుర్తు లేదు సార్."

"రిటైరైనవాళ్ళందరూ అదే అంటారు. మధ్యాహ్నం రెండింటికి మీ క్లాసుంది. మీరు రిటైరయ్యాక శాఖలో ఎవరూ లేరు కదా. రిటైరైనవాళ్ళని కాంట్రాక్టు మీద తీసుకునే వీలుంది. పదకొండు నెలలు."

ఇందుమతికి ఏడుపు వచ్చింది, కానీ ఏ సంవత్సరం గురించి ఏడవాలో తోచలేదు. కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టకపోతే ఏమవుతుందో పద్నాలుగేళ్ళుగా తెలిసిన మనిషి. పెట్టేసింది. వీడ్కోలు సభకి టైము లేదని రిజిస్ట్రారు అక్కడే లేచి నిలబడి శాలువా కప్పాడు. అటెండరు చప్పట్లు కొట్టాడు.

బయట వరండాలో కాంట్రాక్టు వాళ్ళంతా క్యూ కట్టి ఉన్నారు. ముందర ఫిజిక్సు దాలినాయుడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్తగా వచ్చిన బట్టతల తడుముకుంటున్నాడు.

"అయిపోనాదా మేడం?" అన్నాడు ఆత్రంగా. "ఎలాగుంది, పర్మనెంటు?"

ఇందుమతి శాలువా సర్దుకుంది.

"బాగుంది నాయుడూ," అంది. "మూడేళ్ళూ ఎలా గడిచిపోయాయో తెలీనేదు."