పళ్ల డాక్టరుగారి గుడ్లగూబ

ఆదివారం పొద్దున పళ్ల డాక్టరుగారి పథకం చాలా చిన్నది. అత్తగారు హాల్లోకి రాగానే కాఫీ కప్పు పక్కన ఒక వెండి నాణెం పెట్టాలి, ఆవిడ ముఖం చూడాలి. నాణేనికి ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న దేవత, రెండోవైపు కళ్లు మిటకరించిన గుడ్లగూబ. రెండు వేల నాలుగు వందల ఏళ్ల నాటి ఏథెన్స్ నాణెమని అమ్మిన వెబ్‌సైటు ఒట్టేసి మరీ చెప్పింది. ఉద్యోగమంతా పిల్లలకు గ్రీకుల చరిత్ర చెప్పి రిటైరైన ఆవిడకు, ఆ కాలపు వస్తువు ఒక్కటైనా చేత్తో పట్టుకోవాలన్నది తీరని కోరిక. తానేం చేసినా అత్తగారి కంటికి ఆనదని కుమిలిపోయే అల్లుడికి ఇంతకంటే మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది?

ఇచ్చేసేముందు గుర్తుగా ఒక సుద్ద నమూనా ఉంచుకుందామనుకోవడంతో వచ్చింది తంటా అంతా. మొన్న క్లినిక్‌లో, పళ్లకు తీసినట్టే, నాణేనికీ రెండువైపులా పేస్టుతో అచ్చు తీసి బల్ల మీద పెట్టాడు. నర్సు దాన్ని మిగతా అచ్చులతో కలిపి కట్టుడు పళ్లు చేసే ల్యాబుకు పంపేసింది. ల్యాబు మనిషి వచ్చిన ప్రతి అచ్చులోనూ లోహం పోత పోస్తాడు తప్ప, ఎందుకని అడగడు. ఆదివారం క్లినిక్ మూసి ఉండటంతో ల్యాబు డబ్బా ఆ పొద్దున నేరుగా ఇంటికొచ్చింది. డాక్టరుగారి భార్య డబ్బా విప్పి, లోపలున్న నాణేన్ని బీరువాలో దాచిన దానితో కలిపి శుభ్రంగా కడిగి ఒకే గిన్నెలో వేసింది.

"రెండు కొన్నారేంటండీ? ఒకటి చాలదూ?"

డాక్టరుగారు గిన్నె లాక్కున్నాడు. "ఇందులో ఏది అసలుది, ఏది డబ్బాలోది?"

"ఏది అసలు గుడ్లగూబో చెప్పడానికి నేనేమన్నా దాని చుట్టాన్నా?"

అంతలో అత్తగారు రానే వచ్చారు. అల్లుడు గిన్నెను వీపు వెనక్కి లాగాడు. అది గలగలమంది. ఇక దాచి లాభం లేక జరిగిందంతా ఒక్క గుక్కలో కక్కేశాడు.

"దీనికింత కంగారెందుకు, అల్లుడుగారూ?" ఆవిడ భూతద్దం తీశారు. "ఆ రోజుల్లో వెండి బిళ్లని అచ్చుల మధ్య పెట్టి సమ్మెటతో కొట్టేవాళ్లు. దొంగ నాణేలనైతే చాలావరకు పోత పోస్తారు. పోతలో గాలి చిక్కుకుని సన్న సన్న గుంటలు పడతాయి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట అంచు చుట్టూ గీతొస్తుంది."

మొదటిదాని నిండా గుంటలే. అంచున గీత కూడా ఉంది. "ఇది మీ ల్యాబుది," అని పక్కన పడేశారు. రెండోదానికి గుంటా లేదు, గీతా లేదు. ఆవిడ మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. చెయ్యి వణికింది.

"దీన్ని కొట్టినవాడు ఆ దెబ్బ కొట్టి, చెమట తుడుచుకుని, ఇంకోటి అందుకునుంటాడు. తన పని ఇన్ని వేల ఏళ్లు దాటి నా చేతిదాకా వస్తుందని అనుకునుంటాడా?" ఆవిడ కళ్లు చెమర్చాయి. "మిమ్మల్ని నేను సరిగ్గా అర్థం చేసుకోలేదు, బాబూ."

డాక్టరుగారు గాల్లో తేలిపోయాడు. ఆ ఊపులోనే ల్యాబుకు ఫోన్ చేసి, అందరూ వినేలా స్పీకర్ పెట్టి గదమాయించాడు. "నాణేన్ని పోత పోయడమేంటయ్యా? అదీ ఇన్ని గుంటలతోనా!"

"నా పోతలో గుంటలా, సార్?" అవతలి మనిషికి రోషమొచ్చింది. "మీరు పంపిన అచ్చులోనే ఉన్నాయి, బోలెడు. అన్నీ సాపు చేశాను. అంచున గీతుంటే అదీ అరగదీశాను. లేకపోతే పేషెంటు నాలుక గీసుకుపోదూ?"

అందరి చూపులూ అత్తగారి గుప్పిటి మీద పడ్డాయి. గుంటల నాణెమే వెబ్‌సైటు అంటగట్టిందన్నమాట! అల్లుడి ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

ఆవిడ గుప్పిట విప్పి గుడ్లగూబను మళ్లీ చాలాసేపు చూశారు. "పళ్లు చేసే మనిషి చేశాడా ఇది!" అన్నారు ఆశ్చర్యంగా. "చూడండి, నా చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. ఇది నా దగ్గరే ఉంచుకుంటాను, బాబూ."

"ఇంతకీ సార్," అంది ఫోను, "బిల్లులో దీన్ని దవడపన్ను కింద రాసుకోనా, ముందుపన్ను కిందా?"