బొటనవేలి ప్రార్థన

ఫోన్‌లో ఆ జోడించిన చేతుల బొమ్మను కనిపెట్టినవాడు చల్లగా ఉండాలి! క్రైస్తవ ఇల్లాలికి ఇంతటి మేలు మరెవరు చేశారు?

పూర్వం సంఘంలో ఎవరికైనా కష్టమొస్తే చెప్పులేసుకుని బయల్దేరాల్సి వచ్చేది. వాళ్ల గిన్నెలు తోమాలి, పిల్లల ముక్కులు తుడవాలి. ఇప్పుడో? బొటనవేలు ఆనిస్తే చాలు. పొయ్యి మీద పాలు పొంగేలోపు ఇద్దరు రోగులకూ ఒక నిరుద్యోగికీ నా వంతు సాయం అందిపోతుంది.

తీర్పు దినాన ప్రభువు నిలదీస్తే భయమేముంది? ఫోన్ తీసి చూపిస్తాను. అప్పటికి ఛార్జింగ్ ఉండాలంతే.

నిన్నటి సంగతే చూడండి. మా పై అంతస్తు అక్క చర్చి స్త్రీల గ్రూపులో మెసేజ్ పెట్టింది. రేపు పొద్దున ఆస్పత్రికెళ్లి కడుపు మీద కుట్లు విప్పించుకోవాలట, వాళ్లాయన ఊళ్లో లేరట. బాబును ఎవరైనా కాసేపు చూడమంది, ప్రార్థించమంది.

ఆ రెండిట్లో గ్రూపంతా రెండోదాన్నే పట్టుకుంది. స్క్రీన్ నిండా చేతులే! నేను మాత్రం తక్కువ తిన్నానా? మూడు జతలు పంపాను. వాళ్ల బాబు ఏడుపు పైనుంచి వినిపిస్తూనే ఉంది. భక్తి చెదరకుండా కిటికీ మూసుకున్నాను.

మనసు లేక కాదండీ, భయం. మా పాపకు జలుబు. అది వాడికి అంటుకుంటే? వాడు మంచం మీంచి పడితే? పాలు గొంతుకు అడ్డం పడితే? ఇన్ని గండాల నుంచి ఆ పసివాణ్ణి కాపాడాలంటే నా దగ్గరికి రానివ్వకపోవడమే కదా అసలైన ప్రేమ!

పొద్దున్నే తలుపు తట్టిన చప్పుడైంది. నేను వంటింట్లోకి తప్పుకున్నాను. మా పాప తలుపు తీసి, నా కూతురే కదా, ఎంతో వినయంగా చెప్పింది.

"అమ్మ నీకోసం ప్రార్థన చేస్తోంది పెద్దమ్మా. ఇప్పుడు రాదు."

నేను నేర్పలేదు, నమ్మండి. చూసి నేర్చుకుంది.

"కానివ్వమ్మా," అంది అక్క, ఒక చేత్తో బాబునీ ఇంకో చేత్తో పొట్టనీ పట్టుకుని. "మెట్ల మీద కూర్చుంటాలే. ఆమెన్ అన్నాక చెప్పు."

అందులో వెటకారం లేదు. నిజంగానే కూర్చుంది. మొదలే పెట్టని ప్రార్థనకు ఆమెన్ ఎక్కడినుంచి తెచ్చేది? ఆ మెట్టు మీద అక్క పక్కన ప్రభువు కూడా కూర్చున్నాడనిపించింది. వెళ్లి బాబును ఎత్తుకున్నాను.

కాసేపటికి ఆస్పత్రి నుంచి అక్క మెసేజ్. బాబు దగ్గర మనిషి దొరికిందనీ, కుట్లు తీశారనీ. గ్రూపులో ఒకటే సంబరం! తన ప్రార్థనే ఫలించిందని ఎవరికి వారు రాసుకుని, మళ్లీ చేతులు కుమ్మరించారు.

ఒళ్లు మండింది. ఒక్కరైనా కదిలారా అని కడిగేద్దామనుకున్నాను. కానీ ఇందాకటిదాకా వంటింట్లో నక్కింది ఎవరట? పోనీ, గొడవెందుకు, నేనూ ఒక జత పంపేద్దామని ఫోన్ వైపు చూశాను.

బాబు భుజం మీద నిద్రపోతున్నాడు. రెండు చేతులూ ఖాళీ లేవు.