ఒక్క మాటకు పదిహేడు పనులు

ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకు క్వార్టర్లలో ఆ సోమవారం గవరయ్య ఇంటి కార్యక్రమం చాలా తేలిక. కూతురు భానుమతి పొద్దున్నే ఓసారి స్పానిష్ మాటల చీటీ వల్లె వేసుకుంటుంది, అన్నం తింటుంది, తొమ్మిదింటి ట్రామెక్కి డల్హౌసీలో ఓడల ఏజెంటు ఆఫీసుకి పది గంటల పరీక్షకు వెళ్తుంది. స్పానిష్ వచ్చిన గుమస్తా కావాలని వాళ్లు ప్రకటించారు. ఏడాదిగా సాయంత్రాలన్నీ ఆ భాషకే ధారపోసిన పిల్లకి ఇది తప్పితే మళ్లీ అలాంటి ప్రకటన ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి.

కూతురు ఏం వల్లిస్తోందని గవరయ్య అడగడంతో వచ్చింది చిక్కు. ఇంగ్లీషులో 'గెట్' అని ఓ మాట ఉందనీ, ఉత్తరం అందినా, ఇల్లు చేరినా, పని దొరికినా, కోపం వచ్చినా అదేననీ, స్పానిష్‌లో మాత్రం అందడానికి 'రెసిబీర్', చేరడానికి 'యెగార్', దొరకడానికి 'కొన్సెగీర్' అంటూ దేని మాట దానికుందనీ ఆమె చెప్పింది. చీటీలో పదిహేడున్నాయి.

గవరయ్య డాకులో కూలీల ముఠాకి సర్దారు. అక్కడ కొక్కెం తగిలించేవాడు తాడు ముట్టడు, తాడు లాగేవాడు బస్తా ఎత్తడు.

"ఒక్క మాటే ఇన్ని పన్లు సేత్తాదేటమ్మా?" అన్నాడు గుండెమీద చెయ్యేసుకుని. "ఆ స్పెయినోలకి గట్టి యూనియనుంటాది."

ఇంత వింత కడుపులో దాచుకోలేక కుళాయి దగ్గర చెప్పేశాడు. యూనియన్ కార్యదర్శి బంగారయ్య బిందె వదిలేసి ఇంటికే వచ్చాడు, వెనకాలే నీళ్ల వరసంతా వచ్చింది. జ్వరమొస్తే ఏమంటారు, సెలవు దొరికితే ఏమంటారు, పెళ్లయితే ఏమంటారని ఎవరి గోల వాళ్లది. భానుమతి గడియారం చూసుకుంటూనే జవాబులిచ్చింది. ఒక్కో జవాబునీ వరసంతా పైకి అప్పజెప్పేది. ఏటా మూడుసార్లు మలేరియా తెచ్చుకునే పోలిరాజైతే తన జ్వరానికి అంత అందమైన పేరుందని తెలిసి కళ్లు తుడుచుకున్నాడు.

వంటింట్లోంచి గవరయ్య భార్య దాలమ్మ గరిటెతో వచ్చి నిలబడింది.

"ఈ ఇంట్లో ఆ ఇంగ్లీసు మాట నేనే," అంది. "ఇయాల్టినుంచి వంటొక్కటే నాది. మిగతాయి ఎవులి పని ఆలదే."

అంతమంది ఎదుట శ్రమజీవి కోరికను కాదనడం బంగారయ్యకు కుదర్లేదు. మనిషికి ఒక్కటే పనని చేతులెత్తించి అక్కడికక్కడే తీర్మానం చేయించాడు. పరీక్షకు కట్టుకోవలసిన చీర ఇస్త్రీ చెయ్యడం పోలిరాజుకి పడింది. బొగ్గుల పెట్టె చీరమీద పెట్టడమే అతని పని, తీసే పని ఎవరికీ అప్పగించలేదు. చీరకి సాసరంత చిల్లు పడింది. పాలు కనిపెట్టే బాధ్యత తీసుకున్న బంగారయ్య అవి పొంగి పొయ్యిలో పడేదాకా కన్నార్పకుండా కనిపెట్టాడు. అన్నం ఉడికింది గానీ వడ్డించే మనిషిపై చర్చ తేలలేదు. ఈలోగా ట్రాము వెళ్లిపోయింది. భానుమతి గోడకి ఆనుకుని ఏడ్చేసింది.

దాలమ్మ కూతురి మొహం చూసి గరిటె కింద పెట్టింది. తర్వాతి పది నిమిషాల్లో జరిగిందాన్ని చూసినవాళ్లెవరూ ఇప్పటికీ వరసగా చెప్పలేరు. పెట్టెలోంచి తన పట్టుచీర తీసి పిల్లకి చుట్టింది, జడ వేస్తూనే ముద్దలు తినిపించింది, బంగారయ్య కూర్చుని నలిపేస్తున్న చీటీ లాగింది, జనాన్ని తోసుకుంటూ రోడ్డు మీదికి పోయి పట్టాల మధ్య నిలబడి తర్వాతి ట్రామును ఆపింది. గవరయ్య తన భార్యని పాతికేళ్లలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

ఆఫీసు చేరేసరికి పదీ నలభై. పరీక్ష పెట్టే బెంగాలీ పెద్దమనిషి అప్పటికే ఫైలు మూసేశాడు. ఆలస్యం ఎందుకైందో స్పానిష్‌లో చెప్పి వెళ్లమన్నాడు. భానుమతి కుళాయి నుంచి మొదలుపెట్టి జనం చేరడం, చీర కాలడం, అమ్మకి కోపం రావడం, ట్రామెక్కడం అన్నీ చెప్పింది. చెప్పడం అయ్యేసరికి చీటీలో పదిహేను మాటలు ఖర్చయ్యాయి, ఆయన టీ చల్లారిపోయింది. ఆయన ఆమె చేతిలో చీటీ చూసి, మిగిలిన రెండూ అక్కర్లేదనీ, బుధవారం వచ్చి పనిలో చేరమనీ అన్నాడు.

కామ్రేడ్ గవరయ్య కుమార్తెకు ఉద్యోగం యూనియన్ పోరాట ఫలితమని ఆ సాయంత్రం బంగారయ్య ఎర్ర సిరాతో నోటీసు రాసి క్వార్టర్ల గోడకి అంటించాడు. దానికి కావలసిన మైదా జిగురు దాలమ్మ ఉడికించింది.