ఏడు పువ్వులు, ఒక దుప్పి

మధ్యవేసవి పండుగనాడు గున్వోర్ పథకం చాలా సులువైనది. కాఫీ తాగి, ఏడు కంచెలు దాటి, ఏడు రకాల పువ్వులు కోసుకోవాలి. రాత్రి వాటిని దిండు కింద పెట్టుకుంటే కాబోయేవాడు కలలో కనిపిస్తాడు. మొదటి పువ్వు కోసినప్పటి నుంచి నిద్రపోయేదాకా నోరు విప్పకూడదు, సంగతి ఎవరికీ తెలియకూడదు. భర్త పోయిన నాలుగేళ్లకు, యాభై నాలుగేళ్ల వయసులో ఈ పిచ్చేమిటని అడిగేవాళ్లకు పోస్ట్‌మ్యాన్ రూనె సంగతి తెలియదు. ఉత్తరం లేని రోజున కూడా ఆమె గేటు దగ్గర సైకిల్ ఆపి, వాన గురించి రెండు ముక్కలు మాట్లాడి, అసలు ముక్క మింగేసి పోతుంటాడు. కలలో అతను వస్తే తానే అడిగేద్దామని ఆమె నిశ్చయం.

కిందటేడు సాయంత్రం కోసింది. ఐదో పువ్వు దగ్గర ఆడపడుచు సోల్వేగ్ "దుంపల గిన్నె ఎక్కడ వదినా?" అంటే "పొయ్యి మీద" అనేసింది. అంతటితో ఆ ఏడు గంగలో కలిసింది.

అందుకే ఈసారి తలకు ఆకుపచ్చ రుమాలు కట్టుకుని పొద్దున్నే బయల్దేరింది. ఊళ్లోవాళ్లు పండుగ స్తంభానికి బిర్చి కొమ్మలు, పూలు చుట్టి, దాన్ని మైదానంలో పడుకోబెట్టి, ఊరి హాలు వెనక కాఫీకి కూర్చున్నారు. మూడింటికి దాన్ని లేపి నిలబెట్టి, చుట్టూ ఆడాలి. కాపలాకు రూనెను పెట్టారు.

ఆరో కంచె దిగుతూ గున్వోర్ అటు చూసింది. గుర్రమంత దుప్పి ఒకటి తీరిగ్గా స్తంభం ఆకులు నములుతోంది. రూనె నిశ్శబ్దంగా టోపీ ఊపుతున్నాడు. దుప్పి మర్యాదగా రెండో కొసకు జరిగి మళ్లీ మొదలుపెట్టింది.

గున్వోర్ హాలు వెనక్కి పరుగెత్తింది. తలకు రెండు పక్కలా వేళ్లు చాపి కొమ్ములు చూపించింది. దవడలు ఆడించింది.

"అయ్యో, తల పగిలిపోతోందట! మూతి కూడా వంకర పోతోంది!" అంది సోల్వేగ్.

వేసవి సెలవులకు వచ్చిన పళ్ల డాక్టరు లేచాడు. "చేతులు పైకెత్తండమ్మా."

ఆమె ఎత్తి మళ్లీ కొమ్ములు పెట్టింది.

"స్వాధీనంలో లేవు," అన్నాడాయన గంభీరంగా.

"మాట పడిపోయింది! మా వదినకు మాట పడిపోవడమా! ఇంతకంటే ఘోరం ఉంటుందా?" అని సోల్వేగ్ ఏడుపు లంకించుకుంది. నలుగురు గున్వోర్‌ను బల్ల మీద పడుకోబెట్టారు. ఎవరో ఆసుపత్రికి ఫోన్ చేశారు. హెలికాప్టర్ పంపుతున్నారన్న మాట చెవిన పడేదాకా ఆమె పళ్లు బిగపట్టింది.

"నా మొహం! దుప్పి! స్తంభం తినేస్తోంది!"

అందరూ పరుగు తీశారు. మిగిలింది ఉత్త కర్ర. దుప్పి ఒక కొమ్ముకు పూలదండ తగిలించుకుని అడవిలోకి నడిచిపోతోంది. గున్వోర్‌కు ఏడుపొచ్చింది. ఈ ఏడు కూడా పోయింది.

"కళ్లు పోయాయా రూనె? ఒక్క కేక వేస్తే ఏం పోయింది?" అని సోల్వేగ్ విరుచుకుపడింది.

రూనె కందగడ్డలా ఎర్రబడ్డాడు తప్ప పెదవి విప్పలేదు. అతని కోటు జేబులోంచి పువ్వులు తొంగిచూస్తున్నాయి. గున్వోర్ లెక్కపెట్టింది. ఏడు. ఆమె ఏడుపు టక్కున ఆగిపోయింది.

మర్నాడు గేటు దగ్గర సైకిల్ ఆగింది.

"కలొచ్చిందా?" అంది.

"వచ్చింది. దుప్పి వచ్చింది," అన్నాడు రూనె టోపీ తిప్పుతూ. "కానీ మీ ఆకుపచ్చ రుమాలు కట్టుకుంది."

ఆగస్టులో పెళ్లి. బిర్చి కొమ్మలతో పందిరి వేద్దామన్నవాళ్లకు గున్వోర్ వద్దని చెప్పింది, ఈసారి ముందుగానే, నోటితోనే.