ప్రోటాను ద్వయ ఋణచిహ్న సంగ్రామము

కృష్ణవేణి కడలిని కౌగిలించు దివ్యసీమాంతమున, లవణానిలజర్జరిత గవాక్షశోభితమగు బందరు పట్టణమందలి యొకానొక జూనియర్ కళాశాలలో, సోమవారము ప్రొద్దున ఎనిమిది గంటలకు, వారాంతపు పరీక్ష మార్కులు గోడకెక్కిన ఘోర ముహూర్తమున జరిగిన సమరమును వినుడు!

అరువది మార్కులు వచ్చినవారికే 'ఏ' సెక్షను. గిలకలదిండి మత్స్యకార కులదీపిక రేవతికి వచ్చినవి ఏబదితొమ్మిది. పోయిన ఒక్క మార్కు ఈ ప్రశ్నది: రెండు ప్రోటానులను దగ్గరకు నెట్టినప్పుడు విద్యుద్బలము చేసిన పని ధనమా, ఋణమా? రేవతి ఋణమనెను. జవాబుల కీ ధనమనెను.

కీ! ఎవడు వ్రాసెనో తెలియదు, ఎవడును సరిచూడడు. బ్రహ్మరాతయైన చెరుగవచ్చును గాని అది చెరుగరాదు! అట్టి కీని కవచముగా తొడిగి, సుద్దముక్కను గదగా ధరించి, ఆలోచన యను అంటువ్యాధి ఇరువదేండ్లుగా సోకని భౌతికశాస్త్ర మహారథి పిచ్చేశ్వరరావు ఆసీనుడై యుండగా, రేవతి ప్రశ్నాపత్రమును ధ్వజమువలె ఎత్తి నిలిచెను.

"సార్, నాలుగోది నాదే రైటండి."

"కీ చూసుకోమ్మా. నెట్టామా లేదా? నెడితే ప్లస్సే."

"నెట్టింది మనం. అడిగింది విద్యుద్బలం చేసిన పని గదండీ?"

"ఎవరు చేస్తే ఏంటమ్మా? పని పనేగా!"

ఆహా, ఏమి పాండిత్యము! ఎద్దు దున్నినను, ఎద్దుపై కాకి వాలినను ఈ మహానుభావునకు ఒక్కటే సేద్యము!

అంతట రేవతి గర్జించెను: "మా నాన్నోళ్లు పడవని అలకి ఎదురు నెడతారండి. పడవ ముందుకే వెళ్ళుద్ది, అల మాత్రం వెనక్కే తోసుద్ది. నెట్టిన గొప్పంతా అలకి ఇచ్చేస్తారా?"

"ఇచ్చెయ్యమంటంది కీ!" అని ముందు బెంచీ అర్బాజ్ అరచెను. తరగతి ఘొల్లుమనెను.

మహారథి చెమర్చి తుది బాణము సంధించెను: "మరి స్థితిశక్తి పెరిగిందిగా? పెరిగితే మైనస్ ఎట్టా అవుద్ది?"

"బలం చేసిన పని మైనస్ కాబట్టేనండి పెరిగింది. వదిలేసి చూడండి, రెండూ దూరంగా పారిపోతాయి. అప్పుడు బలం చేసేది ప్లస్సు, తగ్గేది స్థితిశక్తి."

మహారథి నోట్సు తిరగవేసెను, కళ్లజోడు తుడిచెను, మరల తిరగవేసెను.

"ప్రింటింగ్ మిస్టేకులే. నాకు ముందే తెలుసు," అని, ఎవరికిని కనబడనంత చిన్న గీతను కీపై గీసెను!

శంఖములు పూరింపుడు! జాబితాలో ఏబదితొమ్మిది కొట్టివేయబడి అరువది వెలసెను. ఫ్యాను గాలి చేరని 'ఏ' సెక్షను కడపటి బెంచీపై, ముగ్గురి ప్రక్కన నాల్గవదై, ఒక కాలు బయటనే ఉంచి, రేవతి ఆ జానెడు సామ్రాజ్యమునకు పట్టాభిషిక్తురాలాయెను!