పాతిపెట్టని గొడ్డలి

"ఈ వాక్యం నేను టైపు చెయ్యను," అని ఎడ్నా మూడోసారి చెప్పింది.

అది క్రిస్మస్ ఉత్తరం. ఏటా నలభై మంది చుట్టాలకు పోతుంది. ఇంటి కబుర్లు మొగుడు నార్మన్ చెబుతాడు. బడిలో ముప్పయ్యేళ్లు గుమాస్తాగా చేసిన ఎడ్నా వాటిని సరిచేస్తుంది, అంటే సగం కొట్టేస్తుంది.

"తప్పేముంది? 'మా అన్నదమ్ముల దీర్ఘకాల వైరం ముగిసింది, గొడ్డలి పాతిపెట్టేశాం.' రాజీ పడితే ఇంగ్లీషులో అలాగేగా అంటాం!"

"పాతడానికి ఇద్దరుండాలి. నువ్వొక్కడివే పాతితే దాన్ని దాచడం అంటారు."

నార్మన్ మీసం దువ్వుకున్నాడు. పందొమ్మిదేళ్ల కిందట, లీకుల పోటీకి ముందురోజు, అన్న విల్ఫ్ పెంచిన లీకులన్నీ ఎవరో కత్తితో చీల్చేశారు. లీకులంటే ఉల్లికాడల్లాంటివే, కాకపోతే తొడంత లావు. ఇంగ్లండు ఉత్తరాన మా డరమ్ జిల్లా మగవాళ్లు పెళ్లాం పుట్టినరోజైనా మరిచిపోతారు గానీ వాటికి నీళ్లు పెట్టడం మరవరు. "నువ్వేనా?" అని విల్ఫ్ అడిగాడు. ఆ మాటకే నార్మన్ అలిగాడు.

ఇప్పుడు విల్ఫ్‌కి క్యాన్సర్. వసంతం దాకా ఉంటే గొప్ప అన్నారు డాక్టర్లు. ఉత్తరంలో ఒక ముక్క పడేస్తే, అన్న గడప తొక్కకుండానే రాజీ అయిపోతుందని నార్మన్ పథకం.

"పోనీ, 'దీర్ఘకాల వైరం' ఒక్కటీ ఉంచు."

"అదీ తప్పే. వైరమంటే రెండువైపులా సాగాలి. మీ అన్న ఏటా కార్డు పంపాడు. నువ్వు ఏటా పొయ్యిలో పడేశావు. దీన్ని మొండితనం అంటారు."

"మరేం రాయమంటావు?"

"నేను రాస్తాలే. వెళ్లి టీ పెట్టు."

టీ పెట్టాడు. గెలిచాననే అనుకున్నాడు.

నాలుగో రోజు పినతల్లి కూతురు ఫోనులో వెక్కివెక్కి ఏడ్చింది. "ఎంత పెద్ద మనసు నీది! క్రిస్మస్ నాడు విల్ఫ్ దగ్గరికెళ్లి, లీకుల సంగతి నీ నోటితో చెప్పేస్తానని ఉత్తరంలో రాశావుగా!"

నార్మన్ వంటింట్లోకి పరుగెత్తాడు. "ఏం రాశావే నువ్వు? లీకుల గురించి నీకేం తెలుసు?"

"ఆ రాత్రి నీ జేబుకత్తి కడిగిందెవరనుకున్నావు?" ఎడ్నా బంగాళదుంప చెక్కు తీస్తూనే ఉంది.

శనివారం విల్ఫ్ కార్డు వచ్చింది. వంకరటింకర అక్షరాలు. 'క్రిస్మస్ దాకా ఉంటానో లేదో. వస్తే తొందరగా రా.' అది పొయ్యిలోకి పోలేదు.

ఆదివారం భోజనానికి కూతురు, అల్లుడు, మనవలు అందరూ వచ్చారు. మాంసం ముక్కలు పంచి, నార్మన్ కత్తిని పళ్లెం పక్కన పెట్టాడు.

"రేపు పొద్దున్నే మా అన్న దగ్గరికి వెళ్తున్నాను," అన్నాడు మెల్లగా. "ఆ లీకులు కోసింది నేనే."